పసుపు కవరు మీది తేదీ: ఆశ్రయం నిరాకరించాక నడిచిన ఒక కేసు

2023 మార్చి 27, సోమవారం, మధ్యాహ్నం మూడున్నర. మా సలహా కేంద్రానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. చేతిలో కాగితాల బొత్తి. జర్మనీలో ఆశ్రయం దరఖాస్తులన్నీ చూసే కేంద్ర కార్యాలయాన్ని మేమంతా బామ్ఫ్ అంటాం. అక్కడినుంచి వచ్చిన నిర్ణయం అది. దరఖాస్తు తిరస్కరించారు. "శుక్రవారం దాకా టైముంది కదా?" అని దుబాసీ చేత అడిగించాడు. ఉత్తరం తన చేతికొచ్చిన 17వ తేదీనుంచి రెండు వారాలు లెక్కేసుకున్నాడు. నేను కాగితాలు తెరవకుండా ముందు కవరేదని అడిగాను.

అదృష్టం, పారేయలేదు. జాకెట్ లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పసుపు కవరు తీశాడు. బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాను. పై మూల చిన్న గడిలో పోస్ట్‌మాన్ బాల్‌పెన్నుతో రాసిన తేదీ, 14.03.23. పక్కన గీత లాంటి సంతకం. ఉత్తరం హాస్టల్ ఆఫీసులో మూడు రోజులు పడి ఉండి అతని చేతికి 17న వచ్చిన మాట నిజమే. కానీ చట్టం లెక్కలో అది అందింది పోస్ట్‌మాన్ హాస్టల్ ఆఫీసులో ఇచ్చిన 14వ తేదీనే. అక్కడినుంచి రెండు వారాలంటే మర్నాడు, మంగళవారం అర్ధరాత్రితో గడువు సరి.

నేను నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ఆశ్రయం కోరేవారికి సలహాలిచ్చే పని చేస్తాను. లాయర్ని కాను. లాయరు పర్యవేక్షణలో కాగితాలు చదివి అర్థమయ్యేలా చెబుతాను, ఎక్కడికి ఎప్పుడు వెళ్లాలో చెబుతాను, అవసరమైతే వెంట వెళ్తాను. ఈ పని నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లకి ఒక కేసు మొదటినుంచీ రాసి పెడితే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. క్లయింట్ అనుమతి తీసుకున్నాను. వయసు, ఊరు, పనిచేసే చోటు గుర్తుపట్టకుండా మార్చాను. తేదీలు కూడా కాస్త జరిపాను, వాటి మధ్య ఎడం మాత్రం మార్చలేదు.

ఎవరీ అబ్బాయి

ఇరాక్‌లోని సింజార్ ప్రాంతం, యజీదీ అనే అల్పసంఖ్యాక మతానికి చెందిన కుటుంబం. 2014 ఆగస్టు 3న ఐసిస్ ఆ ప్రాంతం మీద పడ్డప్పుడు ఇతనికి పదమూడేళ్లు. తల్లి, చెల్లెళ్లు, ఇతను కొండ మీదికి పరిగెత్తి బతికారు. తండ్రి ఊళ్లో ఆగిపోయాడు. ఆ తర్వాత ఆయన కబురు లేదు. అక్కడినుంచి ఉత్తర ఇరాక్‌లోని దోహుక్ దగ్గర శిబిరంలో, గుడారంలో ఏడేళ్లు. 2021 శరత్కాలంలో బెలారస్ మీదుగా, పోలాండ్ అడవి దాటి జర్మనీ చేరాడు. పోలాండ్‌లో వేలిముద్రలు పడలేదు కాబట్టి, మొదట అడుగుపెట్టిన ఐరోపా దేశానికే తిప్పి పంపే డబ్లిన్ నిబంధన ఇతని కేసులో రాలేదు.

ఇక్కడ పేరు నమోదు చేసుకున్న రోజునే ఒక వస్తువు బామ్ఫ్‌కి అప్పజెప్పాడు. హవియా అనే ఇరాకీ గుర్తింపు కార్డు. ప్లాస్టిక్ పొర వేసి ఉంది, అంచులు లేచిపోయాయి, ఫోటోలో పదేళ్ల పిల్లాడు. ఈ కార్డు సంగతి మళ్లీ వస్తుంది.

జర్మనీ పార్లమెంటు యజీదీల మీద జరిగింది జాతిహననమే అని 2023 జనవరి 19న ఏకగ్రీవంగా తీర్మానించింది. సుమారు ఎనిమిది వారాలకు ఈ కుర్రాడి చేతిలో తిరస్కరణ కాగితం పడింది. ఈ రెండూ ఒకే దేశం ఎలా చేస్తుందని అతను అడిగాడు. తీర్మానం జరిగిపోయినదాని గురించి మాట్లాడుతుంది. ఆశ్రయ చట్టం అడిగేది ఇప్పుడు వెనక్కి వెళ్తే ఏమవుతుందని. ఇంత చెప్పడానికి నాకు అరగంట పట్టింది. చెప్పాక కూడా అది అతనికి సబబుగా అనిపించిందని అనుకోను. నాకూ అనిపించలేదు.

నిర్ణయాన్ని వెనకనుంచి చదవాలి

బామ్ఫ్ నిర్ణయం మొదటి పేజీలోనే ఆరు అంకెలుంటాయి. శరణార్థి హోదా ఇవ్వడం లేదు. రాజ్యాంగం కింద ఆశ్రయం ఇవ్వడం లేదు. అనుబంధ రక్షణ (శరణార్థి హోదా రాకపోయినా, వెనక్కి వెళ్తే తీవ్రమైన హాని ఉందంటే ఇచ్చేది) ఇవ్వడం లేదు. వెనక్కి పంపకూడదనడానికి వేరే కారణాలు కూడా కనబడటం లేదు. 30 రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి, లేకపోతే ఇరాక్‌కి పంపేస్తాం. పంపేస్తే 30 నెలలు తిరిగి రాకూడదు. చాలామంది ఈ పేజీ దగ్గరే ఆగిపోతారు. "30 రోజులు" అన్న మాట కనబడగానే దావా వేసుకోవడానికి కూడా 30 రోజులుందని అనుకుంటారు. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ ఇక్కడ పుట్టినవే. వెళ్లిపోవడానికి ఇచ్చిన గడువు వేరు, కోర్టుకి వెళ్లడానికి ఇచ్చిన గడువు వేరు. రెండోది చివరి పేజీలో ఉంటుంది. ఏ కోర్టులో, ఎన్ని రోజుల్లో దావా వేయాలో అక్కడ రాసి ఉంటుంది. అందుకే నేను ముందు కవరు, తర్వాత చివరి పేజీ, ఆ తర్వాతే మొదటి పేజీ చూస్తాను.

తిరస్కరణల్లో రకాలున్నాయి. ఇతనిది మామూలు తిరస్కరణ. రెండు వారాల్లో దావా వేస్తే చాలు, కోర్టు తేల్చేదాకా వెనక్కి పంపలేరు. నిర్ణయంలో "స్పష్టంగా నిరాధారం" అన్న మాట ఉంటే గడువు ఒక్క వారమే, పైగా దావా వేసినంత మాత్రాన డిపోర్టేషన్ ఆగదు. ఆపమని అదే వారంలో విడిగా అత్యవసర పిటిషన్ పెట్టాలి. డబ్లిన్ తిరస్కరణకీ వారమే. ఈ తేడా తెలియని దుబాసీ "అప్పీలు చేసుకోవచ్చు, కంగారు పడకు" అని ఓదార్చి పంపితే ఆ మనిషి కొంప మునుగుతుంది. ఇంకొకటి, ఐరోపా కొత్త ఆశ్రయ నిబంధనల అమలు తేదీ 2026 జూన్ 12. వాటి ప్రకారం త్వరగా కొట్టేసే కొన్ని రకాల కేసుల్లో అప్పీలు గడువు అయిదు నుంచి పది రోజుల మధ్య ఉండాలి. కాబట్టి ఈ కేసులోని గడువులు గుర్తుపెట్టుకుని వేరే కేసులో వాడకండి. ప్రతిసారీ ఆ మనిషి చేతిలో ఉన్న చివరి పేజీనే చదవండి.

మంగళవారం పొద్దున

కోర్టులో దరఖాస్తుల కౌంటరు మధ్యాహ్నానికి మూసేస్తారు. సోమవారం అప్పటికే సమయం మించిపోయింది. మంగళవారం తొమ్మిదికల్లా ఇద్దరం కౌంటరు ముందున్నాం. దావా వేయడానికి ఈ దశలో లాయరు తప్పనిసరి కాదు. మనం చెప్పింది అక్కడి ఉద్యోగి రాసుకుని, సంతకం పెట్టించుకుని, ముద్ర వేస్తారు. ఒక్క పేజీ. ఆశ్రయం కేసులకి కోర్టు ఫీజు లేదు. మామూలు ఈమెయిల్ పంపితే మాత్రం దావా వేసినట్టు కాదు, దీనివల్ల నష్టపోయినవాళ్లున్నారు. కౌంటరు మూసేశాక కూడా కోర్టు గోడకున్న రాత్రి పెట్టెలో పన్నెండులోపు వేస్తే చెల్లుతుంది. ఆ మంగళవారం కౌంటరు దగ్గర ఏదైనా తేడా వస్తే అదే మా రెండో దారి.

ముద్ర పడ్డ నకలుని అతను ఫోన్‌తో ఫోటో తీసి అక్కడికక్కడే వాళ్లమ్మకి పంపాడు. ఆవిడకి జర్మన్ కాదు, అసలు చదవడమే రాదు. "గుండ్రంగా నీలం రంగులో ఉన్నది మంచిదే కదా?" అని తిరిగి వాయిస్ మెసేజ్ వచ్చింది.

కారణాలు చెప్పుకోవడానికి వేరే గడువుంది. నిర్ణయం అందిన నాటినుంచి ఒక నెల. అది ఏప్రిల్ 14. ఆలోపు లాయర్ని పట్టుకున్నాం, బామ్ఫ్ ఇంటర్వ్యూ వాంగ్మూలాన్ని దుబాసీతో మళ్లీ మొదటినుంచి చదివించాం. పదమూడో పేజీ దగ్గర అతను చెయ్యెత్తి ఆపాడు.

వాంగ్మూలంలో ఇలా ఉంది: "2019లో సింజార్‌కి తిరిగి వెళ్లి మా ఇంట్లో ఉన్నాను." అతను చెప్పింది వేరట. మేనమామతో కలిసి ఇల్లు చూడటానికి వెళ్లారు, ఇంటి కప్పు కూలిపోయి ఉంది, చీకటి పడటంతో ఆ రాత్రికి పొరుగూరి బంధువుల దగ్గర పడుకుని పొద్దున్నే శిబిరానికి వచ్చేశారు. ఒక రాత్రి. ఆ రెండు మాటలూ రాతలోకి దిగలేదు. ఆ ఇంటర్వ్యూలో దుబాసీ మాట్లాడింది కుర్దిష్ భాషలోని కుర్మాంజీయే, అయితే టర్కీ వైపు యాస. ఇతనిది సింజార్ యాస, మధ్యమధ్య అరబ్బీ మాటలు కలుస్తాయి. చివర్లో వాంగ్మూలం చదివి వినిపించారు, ఇతను సంతకం పెట్టాడు. నాలుగు గంటల ఇంటర్వ్యూ తర్వాత, పొద్దున్నుంచి ఏమీ తినని మనిషి, త్వరత్వరగా చదువుతుంటే తలూపాడు. బామ్ఫ్ ఆ ఒక్క వాక్యం పట్టుకుని, ఎటువంటి ఇబ్బందీ లేకుండా సొంతూళ్లో నివసించగలిగాడు కాబట్టి భయానికి ఆధారం లేదని రాసింది.

దీన్ని సరిదిద్దుతూ నాలుగు పేజీలు దాఖలు చేశాం. మేనమామ రాసిచ్చిన వాంగ్మూలం, కూలిన ఇంటి ఫోటో జత చేశాం. ఫోటో 2019లో తీసిందే అని ఫోన్‌లోని తేదీ చెబుతోంది.

పంతొమ్మిది నెలలు

ఇక్కడే కేసు అసలు మలుపు తిరిగింది. అప్పుడది మలుపని నాకూ పూర్తిగా తెలియదు. కోర్టు పిలుపు రావడానికి ఏడాదిన్నరకి పైగా పట్టింది. ఆ కాలాన్ని చాలామంది నిరీక్షణగానే గడుపుతారు. గదిలో కూర్చుని పోస్టు పెట్టె వంక చూస్తుంటారు. వాళ్లని తప్పు పట్టను. రేపు ఉంటామో లేదో తెలియనివాడిని మూడేళ్ల కోర్సులో చేరమంటే ఎలా వింటాడు?

ఇతను చేరాడు. దానికి కారణం నేను కాదు, ఒక బేకరీ యజమాని. హాస్టల్ పక్క వీధిలో ఆయన బేకరీ. తెల్లవారుజామున మనుషులు దొరక్క ఇబ్బంది పడుతున్నాడు. రెండు వారాలు ఇతని పని చూశాడు, ఆస్‌బిల్డుంగ్‌లో చేరతావా అన్నాడు. ఆస్‌బిల్డుంగ్ అంటే పనిలో ఉంటూ, జీతం తీసుకుంటూ, వారంలో కొన్ని రోజులు వృత్తి పాఠశాలకి వెళ్తూ నేర్చుకునే చదువు. బేకరీ పనికి మూడేళ్లు. ఒప్పందం చేతివృత్తుల మండలిలో నమోదైంది, విదేశీయుల కార్యాలయం పని అనుమతి ఇచ్చింది. 2023 ఆగస్టు 1న చేరాడు.

ఆ తేదీ ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నివాస చట్టం 60సి సెక్షన్ కింద, ఆశ్రయం తిరస్కరించినా వృత్తి శిక్షణ పూర్తయ్యేదాకా పంపకుండా ఆపే వీలుంది. దాన్ని ఆస్‌బిల్డుంగ్స్‌డుల్డుంగ్ అంటారు. కేసు ఇంకా నడుస్తుండగానే శిక్షణలో చేరినవాడు, ఇతర షరతులు నెరవేరితే, తుది తిరస్కరణ తర్వాత దాన్ని కొనసాగించే హక్కు పొందుతాడు. అదే తుది తిరస్కరణ వచ్చాక చేరాలనుకునేవాడు ముందు మూడు నెలలు డుల్డుంగ్ (పంపడాన్ని తాత్కాలికంగా ఆపినట్టు ఇచ్చే కాగితం) మీద గడిపి ఉండాలి, ఆలోపు పంపించే ఏర్పాట్లు మొదలై ఉండకూడదు. ఆ మూడు నెలల్లోనే చాలామంది వెళ్లిపోవాల్సి వస్తుంది. కోర్టులో దావా వేయడం వల్ల ఇతనికి దొరికిన అసలు లాభం తీర్పు కాదు, ఈ పంతొమ్మిది నెలలు. అందుకే ఇప్పుడు నేను దావా వేసిన రోజే రెండో అపాయింట్‌మెంట్ ఇస్తాను, శిక్షణ, భాష, గుర్తింపు కాగితాల గురించి మాట్లాడటానికి.

గుర్తింపు కాగితాల విషయంలో నేను పొరపాటు చేశాను. కేసు నడుస్తుండగా, ఏ దేశంనుంచి రక్షణ కోరుతున్నాడో ఆ దేశపు రాయబార కార్యాలయానికి వెళ్లమని ఎవరూ బలవంతం చేయలేరు. వెళ్తే కేసుకే చేటు కావచ్చు. కాబట్టి పాస్‌పోర్ట్ ఊసెత్తవద్దని అతనికి చెప్పాను. అంతవరకు సరే. కానీ రాయబార కార్యాలయంతో పని లేకుండా మేనమామ ద్వారా తెప్పించుకోగలిగిన జాతీయత పత్రం, శిబిరంలోని బడి ఇచ్చిన సర్టిఫికెట్ అప్పుడే తెప్పించి ఉండాల్సింది. వాటి గురించి నేను 2024 చివరిదాకా అడగలేదు. దాని ఫలితం అతను అనుభవించాడు.

కోర్టు గది

2024 అక్టోబర్‌లో విచారణ. ఒకే జడ్జి, లాయరు, దుబాసీ, అతను, వెనక బెంచీలో నేను. బామ్ఫ్ తరఫున ఎవరూ రాలేదు, చాలాసార్లు రారు. యాభై నిమిషాలు. జడ్జి ఓపిగ్గా విన్నారు. 2019 నాటి ఆ రాత్రి గురించి మూడు వైపులనుంచి అడిగారు. కప్పు ఎటువైపు కూలిందని అడిగితే, బల్ల మీద రెండు చేతులతో ఇల్లు కట్టి చూపించి ఒక చేతిని పడేశాడు. అక్కడితో ఆ ప్రశ్న అయిపోయింది. వాంగ్మూలంలో పొరపాటు జరిగిందన్న మా మాట కోర్టు నమ్మింది. తీర్పులో అలాగే రాసింది.

అయినా దావా కొట్టేసింది. సింజార్ యజీదీల మీద ఇప్పుడు గుంపు మొత్తం మీద సాగే హింస లేదని మ్యూన్‌స్టర్‌లోని రాష్ట్ర ఉన్నత పరిపాలనా న్యాయస్థానం 2021లోనే చెప్పింది. కింది కోర్టు దాన్నే అనుసరించింది. ఇరాక్ ప్రభుత్వం శిబిరాలన్నీ 2024 జులై 30కల్లా మూసేస్తామని ప్రకటించిన సంగతి లాయరు ఎత్తారు. శిబిరాలు ఇంకా నడుస్తున్నాయి, ఇతను ఆరోగ్యవంతుడైన యువకుడు, దోహుక్‌లో మేనమామ ఉన్నాడు, కూడు గుడ్డ సంపాదించుకోగలడు అని కోర్టు తేల్చింది.

నిద్రపట్టని రాత్రుల గురించి ఒక సైకాలజిస్ట్ ఇచ్చిన లేఖ కూడా పెట్టాం. దానికి విలువ దక్కలేదు. 2019 తర్వాత చట్టం ఇలాంటి కారణాలకి అర్హత గల వైద్యుడి సర్టిఫికెట్ కావాలంటోంది. అందులో రోగనిర్ధారణ ఏ ఆధారంతో చేశారో, జబ్బు తీవ్రత ఎంతో, వైద్యం లేకపోతే ఏమవుతుందో వివరంగా ఉండాలి. వైద్యుడు కాని మానసిక చికిత్సకుల లేఖ ఎంత నిజాయితీగా రాసినా చాలదు. మానసిక వైద్యుడి అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ పని విచారణ తేదీ వచ్చాక మొదలుపెడితే అందదు.

నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా 2023 డిసెంబర్‌లో యజీదీలని ఇరాక్‌కి పంపడం కొంతకాలం ఆపింది, తర్వాత 2024 జూన్ దాకా పొడిగించింది. అది స్త్రీలకి, పిల్లలకి మాత్రమే. ఒంటరి మగవాడికి వర్తించలేదు.

ముందు ఏముందో చెప్పడం

తీర్పు చేతికొచ్చిన వారంలో గంటన్నర కూర్చున్నాం. ఈ మాటలు ఎలా చెప్పాలన్నది నాకు ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. ఆశ పెట్టకూడదు, ఉన్న దారిని దాచకూడదు.

పై కోర్టుకి వెళ్లడానికి అనుమతి అడగవచ్చు, ఒక నెలలోపు. ఇక్కడ లాయరు తప్పనిసరి. తీర్పు తప్పు అన్నది ఇందుకు కారణంగా పనికిరాదు. అందరికీ వర్తించే మౌలిక ప్రశ్న ఉండాలి, లేదా పై కోర్టుల తీర్పుకి విరుద్ధంగా ఉండాలి, లేదా విచారణ పద్ధతిలో పెద్ద లోపం ఉండాలి. లాయరు తీర్పు రెండుసార్లు చదివి మూడింటిలో ఏదీ లేదన్నారు. వదిలేశాం. కొత్త ఆధారాలు, మారిన పరిస్థితులు ఉంటే మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు, ఇతని దగ్గర కొత్తవేమీ లేవు. రాష్ట్ర కారుణ్య సంఘానికి విన్నవించుకోవచ్చు, దాన్ని చివరికి ఉంచాం. అయిదేళ్లుగా ఉంటున్నవారి కోసం తెచ్చిన అవకాశ నివాస చట్టం 2022 అక్టోబర్ 31 నాటికి అయిదేళ్లు నిండి ఉండాలంది, 2021లో వచ్చినవాడికి అందులో చోటు లేకపోయింది.

స్వచ్ఛందంగా తిరిగి వెళ్లే దారి కూడా చెప్పాను. టికెట్ ఇస్తారు, కొంత డబ్బిస్తారు, ఇచ్చిన గడువులో తనంతట తాను వెళ్తే ఆ 30 నెలల నిషేధం పడదు. ఇది చెప్పడం నమ్మకద్రోహమని కొందరు సహోద్యోగులు అంటారు. నేను ఒప్పుకోను. తన జీవితం గురించి నిర్ణయించుకునేవాడికి అన్ని దారులూ తెలియాలి. అతను విని, "అమ్మ గుడారంలోకా?" అని మాత్రం అన్నాడు.

మిగిలింది బేకరీ. తీర్పు ఖరారు కాకముందే, నవంబర్‌లోనే విదేశీయుల కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. 2024 మార్చి 1 నుంచి 16జి సెక్షన్ కింద ఇలాంటి శిక్షణకి నివాస అనుమతే ఇవ్వవచ్చు, అది రాకపోతే 60సి కింద డుల్డుంగ్ ఇవ్వమని ఒకే లేఖలో రెండూ అడిగాం.

తొమ్మిది రోజులు

2025 జనవరిలో పిలుపొచ్చింది. కేసు నడిచినన్నాళ్లూ ఉన్న కాగితాన్ని కార్యాలయం తీసేసుకుని ఒక నెల డుల్డుంగ్ చేతిలో పెట్టింది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. లోపల రాసి ఉంటుంది, ఇది నివాస అనుమతి కాదు, ఇది కలిగినవారు దేశం విడిచి వెళ్లాల్సినవారు అని. పంపడాన్ని ప్రస్తుతానికి ఆపామని మాత్రమే దాని అర్థం. ఇతని కాగితంలో ఇంకో ముద్ర ఉంది, ఉద్యోగం చేయడానికి అనుమతి లేదని. శిక్షణ కూడా ఉద్యోగం కిందే వస్తుంది. ఆ సాయంత్రమే బేకరీ యజమానికి చూపించాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. చివరికి, రేపు రావద్దని చెప్పాడు. చట్టాన్ని దాటితే జరిమానా పడేది ఆయనకే.

అధికారి చెప్పిన కారణం ఆ హవియా కార్డు. గుర్తింపు తేలలేదు, ఫోటోలో ఉన్నది పదేళ్ల పిల్లాడు, ఇతనే అతనని ఎలా నమ్మాలని. నిబంధన ఏమిటంటే, 2020లో గానీ ఆ తర్వాత గానీ వచ్చినవారు వచ్చిన ఆరు నెలల్లో గుర్తింపు తేల్చుకోవాలి. చేతనైన ప్రయత్నాలన్నీ ఆలోపు చేసి ఉంటే, ఫలితం ఆలస్యంగా వచ్చినా చెల్లుతుంది. ఇతను మొదటి రోజే అసలు కార్డు ఇచ్చేశాడు. అది దిద్దినది కాదని బామ్ఫ్ పరీక్షలో తేలింది కూడా. ఆ పరీక్ష నివేదిక బామ్ఫ్ ఫైల్లో ఉంది, విదేశీయుల కార్యాలయం ఫైల్లో లేదు. లాయరు దాని నకలు తెప్పించి, చట్టంలోని వాక్యం ఎత్తి రాసి, వారంలో సమాధానం రాకపోతే కోర్టులో అత్యవసర పిటిషన్ వేస్తామని లేఖ పంపారు. అదే సమయంలో మేనమామ పంపిన జాతీయత పత్రం, బడి సర్టిఫికెట్ అందాయి. సర్టిఫికెట్ మీద పదిహేనేళ్ల ముఖం. పిల్లాడి ఫోటోకీ ఇప్పటి ముఖానికీ మధ్య అదొక మెట్టయింది. ఏడాది ముందే ఈ కాగితం ఫైల్లో ఉంటే ఆ ముద్ర పడేది కాదని నా నమ్మకం.

తొమ్మిది రోజులు పని లేకుండా గదిలో ఉన్నాడు. ఆ రోజుల గురించి ఇక్కడ చెప్పక తప్పదు. వెళ్లిపోవడానికి ఇచ్చిన గడువు ముగిశాక, ఎప్పుడు పంపుతారో ఆ తేదీ ముందుగా చెప్పకూడదని చట్టమే అంటుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సవరణతో హాస్టల్‌లో పక్క గదులు కూడా తెరిచి వెతికే అధికారం వచ్చింది, పంపే ముందు అదుపులో ఉంచే కాలం 10 రోజులనుంచి 28కి పెరిగింది. పోలీసులు వచ్చేది సాధారణంగా తెల్లవారకముందే. పదిహేడు నెలలుగా అతను ఆ వేళకి బేకరీలో పిండి పిసుకుతూ ఉండేవాడు. ఇప్పుడు అదే వేళకి మెలకువ వచ్చి మంచం మీద బూట్లతో కూర్చునేవాడు. కొన్నాళ్లు స్నేహితుడి ఇంట్లో ఉండనా అని అడిగాడు. వద్దన్నాను. చెప్పకుండా చిరునామా మారిస్తే పరారైనట్టు రాసుకుంటారు, ఆ తర్వాత ఏ హక్కూ నిలవదు. ఆ మాట చెప్పడం తేలిక, ఆ గదిలో పడుకోవడం తేలిక కాదని తెలిసే చెప్పాను. రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేసేదాన్ని. ఎత్తగానే "ఉన్నాను" అనేవాడు.

పదో రోజు కార్యాలయం పని నిషేధపు ముద్రని రద్దు చేసింది. మార్చిలో ఆస్‌బిల్డుంగ్స్‌డుల్డుంగ్ ఇచ్చింది, 2026 జులై 31 వరకు. 16జి అనుమతి ఇవ్వలేదు. శిక్షణ జీతంతో ఖర్చులన్నీ పూర్తిగా వెళ్తాయని చూపించలేకపోయాం.

ఇప్పుడు

కేసు ముగిసింది కాబట్టి రాయబార కార్యాలయానికి వెళ్లక తప్పదు, వెళ్లాడు కూడా. బెర్లిన్‌కి రెండు ప్రయాణాలు. టికెట్లు, అపాయింట్‌మెంట్ కాగితం, గేటు ముందు తీసుకున్న ఫోటో, అన్నీ విదేశీయుల కార్యాలయానికి నకళ్లు పంపి ముద్ర వేయించుకున్నాం. పాస్‌పోర్ట్ శరత్కాలంలో వచ్చింది.

శిక్షణ మూడో ఏడు నడుస్తోంది. చివరి పరీక్ష పాసై, నేర్చుకున్న పనిలోనే ఉద్యోగం దొరికితే 19డి సెక్షన్ కింద రెండేళ్ల నివాస అనుమతి అడగవచ్చు. దానికి జర్మన్ భాషలో బి1 అనే మధ్యస్థ స్థాయి కావాలి, చాలినంత ఇల్లు చూపించాలి. భాష పరీక్ష రాశాడు, రాతలో పాసయ్యాడు, మాట్లాడటంలో మళ్లీ రాయాలి. యజమాని ఉద్యోగం ఇస్తానని నోటిమాటగా అన్నాడు. కాగితం మీద రాయించుకోవాలి. దరఖాస్తు జూన్ మొదటి వారంలో పెట్టాలని ఇద్దరి ఫోన్లలోనూ గుర్తు పెట్టాం.

పోయిన నెల అతను ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. హాస్టల్‌లో కొత్తగా చేరిన మనిషట. నేను నోరు తెరవకముందే అతనే ఆ మనిషి వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆ మనిషి సంచిలో వెతికి, పసుపు కవరు తీసి బల్ల మీద పెట్టాడు.